తడిగుడ్డ మీద టిక్కులు

ఆ పొద్దున కౌంటర్ కూయకపోవడమే కొంప ముంచింది. మామూలుగా అణుకిరణాల్ని పసిగట్టే ఆ యంత్రం కూస్తే జనానికి భయం. టిక్కులమ్మకు మాత్రం అది నోరు మూసుకునేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

టిక్కులమ్మ అసలు పేరు ఆఫీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడదు. మొక్కల పరిశోధన కేంద్రంలో, రేడియో భాస్వరం గదిలో, పద్దెనిమిదేళ్లుగా సహాయకురాలు. చిన్నప్పుడు కూతురు బళ్లో "మా అమ్మ టిక్కులు లెక్కపెడుతుంది" అని చెప్పింది. ఆ పేరు వీధంతా పాకి అతుక్కుపోయింది. ఎవరైనా అలా పిలిస్తే ఆవిడ కోప్పడకపోగా ఠక్కున పలికేది.

భాస్వరంలో ముగ్గురు అక్కచెల్లెళ్లున్నారని కొత్తగా చేరినవాళ్లకి ఆవిడే పాఠం చెప్పేది. పెద్దది ముప్పై ఒకటి. మన ఎముకల్లో, పళ్లలో, ఎరువు బస్తాల్లో ఉండేదంతా అదే, ఎవరి జోలికీ పోదు. నడిమిది ముప్పై రెండు, ఒళ్లంతా కోపం, అంటే కిరణాలు చిమ్ముతూనే ఉంటుంది. పద్నాలుగు రోజులకు ఆ కోపం సగం చల్లారుతుంది, ఇంకో పద్నాలుగు రోజులకు ఆ సగంలో సగం. చిన్నది ముప్పై మూడు. దానికీ కోపముంది గానీ గొంతు పీల, ఇరవై ఐదు రోజులకు సగమవుతుంది. చిన్నదాన్ని పక్క గదిలో జన్యువుల పని చేసేవాళ్లు వాడతారు. నడిమిదాన్ని రక్తం చిక్కబడిన రోగులకు మందుగా ఇవ్వడం కూడా ఉంది. ఈ గదిలో మాత్రం దాన్ని ఎరువులో కలిపి మొక్కకి పెడతారు. తర్వాత ఆకు దగ్గర కౌంటర్ పెట్టి, వేసిన ఎరువులో ఎంత పైకెక్కిందో టిక్కుల్లో చదువుకుంటారు. "ఈ ముగ్గురినీ విడదీసి చూడటం మొక్కకి రాదు, మేకకి రాదు, మన ఒంటికీ రాదు. ఎముకకి అందరూ ఒకటే, ఎవరొచ్చినా లోపలికి పిలిచి కూర్చోబెడుతుంది" అని పాఠం ముగించేది. అందరూ నవ్వేవాళ్లు.

మేక మాట ఊరికే రాలేదు. ఆవిడ ఇంటి వెనక ఒక మేక ఉంది. దాని టెక్కు చూసి కూతురు దొరసాని అని పేరు పెట్టింది. ఆ దొరసాని పాలే ఇప్పుడు తొమ్మిది నెలల మనవరాలికి ఆధారం. తల్లికి పాలు లేవు, డబ్బా పాలు పోస్తే పిల్లకి ఒళ్లంతా దద్దుర్లు. మేక పాలు మరగబెట్టి, నీళ్లు కలిపి పడితే నిమ్మళంగా తాగి నిద్రపోయేది.

గదిలో ఎప్పుడూ రెండు ట్రేల మొక్కలుంటాయి. ఒకదానికి నడిమిదాన్ని కలిపిన ఎరువు, ఇంకోదానికి మామూలు ఎరువు. చూడ్డానికి రెండూ ఒక్కటే, అచ్చం ఒకే పచ్చని మొక్కజొన్న. పని పూర్తయ్యాక మామూలు ట్రే మొక్కల్ని గోతిలో పారేయాలి. టిక్కులమ్మ పారేయదు. మొదళ్ల దాకా కోసి, సంచిలో వేసుకుని, దొరసానికి పట్టుకెళుతుంది. ఎనిమిదేళ్లుగా అదే అలవాటు. పెద్ద మేడం, అంటే ఆ గదికి పెద్దయిన శాస్త్రవేత్త, రెండుసార్లు చూసి "ఈ గదిలోది గడ్డిపోచైనా గుమ్మం దాటకూడదు" అని గట్టిగానే చెప్పింది. టిక్కులమ్మ తల ఊపింది. ఊపి, గుమ్మం దగ్గర కౌంటర్ ఉంటుంది కాబట్టి, అప్పట్నుంచి వెనక తలుపులోంచి వెళ్లడం మొదలుపెట్టింది. మంచి మేత మట్టిపాలు చేయడానికి ఆవిడకి చేతులు రాలేదు, అంతే.

ఇక ఆ తప్పు ఎలా జరిగిందో చెబుతాను. చేతకానివాళ్లు చేసే తప్పు కాదది. కిటికీ వైపు ట్రేకి వెలుతురు ఎక్కువ తగులుతుంది గనక ప్రతి సోమవారం రెండు ట్రేలనూ అటూ ఇటూ మార్చాలి. అప్పుడే లెక్క సరిగ్గా వస్తుంది. ట్రేకి అట్ట ముక్క కడితే నీళ్లకి నానిపోతుందని పేర్లు రాసిన అట్టలు అరకి తగిలించి ఉంటాయి. ట్రేలు మారిస్తే అట్టలూ మార్చాలి. ఆ సోమవారం ట్రేలు మార్చి అట్ట మీద చెయ్యి వేసిందో లేదో ఫోన్ మోగింది. కూతురు. పిల్ల ఒంటి మీద మళ్లీ ఏదో ఎర్రగా కనిపిస్తోందట. "దోమ కుట్టి ఉంటుందే, కంగారు పడకు, కొబ్బరినూనె రాయి" అని ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేసి, అట్టల సంగతి మర్చిపోయింది. సాయంత్రం మామూలు అని అట్ట ఉన్న అరలోని ట్రేని తూకం వేసి, కోసి, సంచిలో వేసుకుని వెనక తలుపులోంచి ఇంటికెళ్లిపోయింది.

మంగళవారం తొమ్మిదిన్నరకి ముప్పై రెండు అని అట్ట ఉన్న ట్రే ముందు కౌంటర్ పెట్టింది. నిమిషానికి ముప్పై, ముప్పై ఐదు. గాలిలోనైనా, గోడ దగ్గరైనా ఊరికే వచ్చే టిక్కులవి. బ్యాటరీ పోయిందనుకుని మార్చింది. అదే తీరు. బీరువాలోని ఇంకో కౌంటర్ తెచ్చింది. అదీ అంతే. యంత్రాన్ని పరీక్షించే బిళ్ల ఒకటుంటుంది, దాని ముందు పెడితే రెండూ గోల గోల చేశాయి. యంత్రాలు బాగానే ఉన్నాయి. అప్పుడు తల తిప్పి పక్క అర చూసింది. ఖాళీ ట్రే, అందులో కోసేసిన మొదళ్లు. కౌంటర్ అక్కడ పెట్టింది. టిక్కు టిక్కు కాదు, ఒకటే చిటపట.

నిన్న సాయంత్రం దొరసాని ఎంత ఇష్టంగా తిందో కళ్లముందు కదిలింది. ఇవాళ ఆరున్నరకి పాలు తనే పితికింది. తనే మరగబెట్టింది. సీసాలో పోసి కూతురి చేతికిచ్చి మరీ వచ్చింది.

చేతిలో ఫోన్ ఉంది. పెద్ద మేడం నంబరు పైనే ఉంది. నొక్కితే చాలు. నొక్కలేదు. ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? రెండుసార్లు వద్దన్న పని, వెనక తలుపులోంచి. ఉద్యోగం ఒక్క క్షణం నిలవదు, మేడం గది మూతపడుతుంది. కూతురికి తెలిస్తే ఆ పిల్ల ఇంక తన మొహం చూస్తుందా? ఆ భయాలన్నిటికీ ఒక మంచి సాకు దొరికింది. ఒక్క లెక్క లెక్క కాదు, మూడుసార్లు చూశాకే పుస్తకంలో రాయాలి. మేడం నేర్పిన మొదటి పాఠమే అది. ముందు ఇంటికెళ్లి చూసుకుందాం, నిజమని తేలితే అప్పుడే చెబుదాం అనుకుంది. కడుపులో నొప్పి అని చెప్పి, కౌంటర్‌ని భోజనం సంచిలో పెట్టుకుని, ఈసారి కూడా వెనక తలుపులోంచే బయటపడింది.

ఇంటికి చేరేసరికి పదీ పది. ముందు పెరట్లోకి వెళ్లింది. మేక తినగా మిగిలిన కాడల దగ్గర కౌంటర్ చిటపటలాడింది. పెంటికల దగ్గరా అంతే. కూర్చుని గిన్నెలోకి నాలుగు ధారలు పాలు పితికింది. పైన పట్టుకుంటే నిమిషానికి తొంభై. అక్కడికి ఎవరికైనా చాలు. ఆవిడకి చాలలేదు. 'ఇవి ఇప్పటి పాలు. పొద్దున ఆరున్నర పాలల్లోకి అప్పటికింకా దిగి ఉండదేమో' అనుకుంది. పొద్దుటి పాలు చూద్దామంటే గిన్నె తోమేసి బోర్లించి ఉంది.

"ఏంటమ్మా, అప్పుడే వచ్చేశావ్?" కూతురు వంటగది గుమ్మంలోంచి అడిగింది.

"ఒంట్లో బాలేదు. పాప పాలు తాగిందా?"

"సీసా మొత్తం ఖాళీ చేసింది. ఇప్పుడే గుడ్డ మార్చి పడుకోబెట్టా."

"ఆ గుడ్డ ఏది?"

"తీగ మీద. ఎందుకు?"

తీగ మీద ఆరేసిన గుడ్డలు నాలుగూ శుభ్రంగా ఉతికి ఉన్నాయి. ఎప్పుడూ మధ్యాహ్నం దాకా బకెట్లో నానబెట్టే కూతురు ఇవాళే పొద్దెక్కకముందే ఉతికిపారేసింది. టిక్కులమ్మకి ఏడుపొచ్చింది. పిల్ల పొట్ట మీద కౌంటర్ పెట్టి లాభం లేదని ఆవిడకి తెలుసు. నడిమిదాని కిరణం పట్టుమని అంగుళం కూడా ఒంట్లోంచి దూరి రాదు. లోపలుందో లేదో చెప్పాల్సింది ఒకటే, పిల్ల తడిపిన గుడ్డ.

ఉయ్యాల పక్కన కూర్చుంది. పదకొండయింది. పిల్ల నిద్రలో పెదాలు చప్పరిస్తోంది. పదకొండున్నర. గుడ్డ కింద చెయ్యి పెట్టి చూసింది, పొడి.

"ఏంటమ్మా, అది ఉచ్చ పోస్తే ఏదో వరమిస్తుందన్నట్టు కూర్చున్నావ్," అని కూతురు నవ్వింది.

"ఆఫీసులో ఏదో పరీక్షలే," అంది టిక్కులమ్మ. నోటికొచ్చిన అబద్ధం. కూతురు నమ్మేసింది. అమ్మ ఎప్పుడు అబద్ధమాడింది గనక.

పన్నెండుకి పిల్ల లేచింది. కూతురు మేకని పితికి, పాలు మరగబెట్టడానికి పొయ్యి మీద పెట్టింది. టిక్కులమ్మ గబుక్కున లేచి గిన్నె అందుకుంటున్నట్టే అందుకుని నేల మీద పడేసింది. "చేతుల్లో సత్తువ లేనప్పుడు ఎందుకు పట్టుకుంటావ్? ఇప్పుడు దీనికేం పెట్టను?" అని కూతురు విసుక్కుంది. బిస్కెట్టు నీళ్లలో నానబెట్టి తినిపించారు. పిల్ల పాలకోసం ఏడ్చింది. మనవరాలు ఆకలితో ఏడుస్తుంటే చెంచాతో నీళ్లు పట్టింది అమ్మమ్మ, ఇంకో చెంచా, ఇంకో చెంచా. ఆ నీళ్లు త్వరగా బయటికి రావాలని.

ఒంటిగంటకి కూతురు పిల్లని స్నానానికి తీసుకెళ్లింది. వద్దనడానికి కారణం తోచలేదు. స్నానాల గదిలోంచి నవ్వుతూ కేకేసింది, "అమ్మా, నీ పరీక్ష తూములోకి పోయింది. నా కాళ్ల మీదే పోసేసింది." టిక్కులమ్మ పరుగెత్తి గుమ్మంలో నిలబడిపోయింది. చెంబుడు నీళ్లతో సహా అంతా కొట్టుకుపోయింది. గోడకి తల ఆనించి అలాగే ఉండిపోయింది. అప్పుడైనా ఫోన్ తీసి ఉండొచ్చు. మళ్లీ వచ్చి ఉయ్యాల పక్కనే కూర్చుంది. మూడుసార్లు అన్న మాట పట్టుకుని వేలాడింది. ఇది వింటుంటే మీకు ఒళ్లు మండుతోందని తెలుసు, చెప్పే నాకూ మండుతోంది.

రెండున్నరకి గుడ్డ తడిసింది.

చేతి తొడుగులు వేసుకుని, గుడ్డ తీసి నేల మీద పరిచి, కౌంటర్ దగ్గరగా పట్టుకుంది. నిమిషం పూర్తిగా లెక్కపెట్టింది. రెండు వందల పది. ఇంకోసారి. రెండు వందల ఐదు. మూడోసారి పెట్టలేకపోయింది. కౌంటర్ చేతిలో ఉండగానే ఫోన్ నొక్కింది.

పెద్ద మేడం మధ్యలో ఎక్కడా అడ్డుపడకుండా అంతా వింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"తొమ్మిదిన్నరకి మేడం."

"ఇప్పుడు రెండూ నలభై."

"మూడుసార్లు చూశాకే రాయమన్నారు కదా మేడం."

"రాయమన్నాను. చెప్పొద్దనలేదు." అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "పాపని తీసుకుని పిల్లల ఆస్పత్రికి రా. నేను అక్కడికి ఫోన్ చేసి బయల్దేరుతున్నా."

కూతురికి ఆటోలో చెప్పింది. మేక మేత సంగతీ, ట్రేల సంగతీ, అట్టల సంగతీ. ఆలస్యం చేసిన గంటల సంగతి మాత్రం చెప్పలేదు. కూతురు పిల్లని గుండెకి హత్తుకుని దారి పొడుగునా దాని అరికాళ్లు నిమురుతూ కూర్చుంది.

ఆస్పత్రిలో పిల్లల డాక్టరూ, పెద్ద మేడమూ పావుగంట మాట్లాడుకున్నారు. తర్వాత మేడం కూతురి పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. లోపలికి పోయింది కొద్దిపాటే. పెద్దవాళ్లయితే ఇంత కంగారు పడేది కాదు, కానీ ఎముకలు ఎదిగే వయసు, తొమ్మిది నెలల పిల్లకి ఏమీ కాదని మాట ఇవ్వలేనంది. ఇప్పుడు చేయగలిగింది ఒకటి. మామూలు భాస్వరం, అంటే కోపం లేని పెద్దక్కని, డాక్టరు చెప్పిన కొలతలో నీళ్లలో కలిపి తాగించడం. అది ఒళ్లంతా నిండితే నడిమిదానికి కూర్చోవడానికి చోటు తగ్గుతుంది. ఎముకలో ఇంకా చేరనిది ఉచ్చలో బయటికి పోతుంది. చేరిపోయింది మాత్రం అక్కడే ఉండి, పద్నాలుగు రోజులకోసారి సగమవుతూ చల్లారాల్సిందే.

"ఎంత త్వరగా మొదలెడితే అంత మంచిది," అన్నాడు డాక్టరు. ఆయనకి గంటల సంగతి ఎవరూ చెప్పలేదు. మేడం టిక్కులమ్మ వంక చూసి తల దించుకుంది.

చిన్న గొట్టంతో మందు నోట్లోకి వదిలారు. పిల్ల మొహం చిట్లించి, సగం ఉమ్మి, సగం మింగింది. మేడం కౌంటర్‌ని టిక్కులమ్మ చేతిలోనే పెట్టింది. "రేపటి సంగతి రేపు. ఇవాళ ఈ పని నీ అంత బాగా ఇక్కడ ఎవరికీ రాదు."

కిటికీ కింద బల్ల వేసి, దానిమీద ప్లాస్టిక్ పరిచి, తెల్ల కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. నాలుగుంబావుకి మొదటి గుడ్డ వచ్చింది. రెండు వందల అరవై. ఐదున్నరకి రెండోది. దాని ముందు పెట్టగానే కౌంటర్ గొంతు చించుకుంది. నాలుగు వందల ఎనభై. ఇంటి దగ్గర ఏ చప్పుడు వినకూడదనుకుందో, ఇప్పుడు ఆ చప్పుడే చెవులకి చల్లగా ఉంది. పోతోంది, మందు దాన్ని బయటికి తోలుతోంది. 'కూయవే తల్లీ, ఇంకా కూయవే' అనుకుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఎంత?" మంచం మీదనుంచి కూతురు అడిగింది.

"నాలుగు వందల ఎనభై."

"ఎక్కువైతే మంచిదా?"

"ఇప్పుడు మంచిదే. అంత బయటికి పోయినట్టు."

కూతురు పిల్లని భుజాన వేసుకుని జోకొడుతూ కాసేపు అటూ ఇటూ తిరిగింది. తర్వాత బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"మరి లోపల ఎంత ఉండిపోయిందమ్మా?"

తెలీదు అనొచ్చు. అది అబద్ధం కూడా కాదు, ఆ కౌంటర్ చెప్పగలిగిన సంగతి కాదది. మేడం కూడా తెలీదనే అంటుంది. టిక్కులమ్మ కాగితం మీద రాసిన అంకెలు చూసింది. పొద్దుట్నుంచి కూతురు తన అబద్ధాలన్నీ నవ్వుతూ నమ్మింది.

"ఐదు గంటలంత," అంది.

కూతురికి అర్థం కాలేదు.

"తొమ్మిదిన్నరకే తెలిసింది నాకు. అప్పుడే మేడంకి చెప్పి ఉంటే పదకొండు దాటకుండా ఈ మందు పడేది. నా తప్పు బయటపడుతుందని, నువ్వేమంటావోనని భయపడి, దీని గుడ్డ తడిసేదాకా కూర్చున్నా. ఆ ఐదు గంటల్లో ఎంత ఎముకల్లోకి పోయిందో అదంతా నాదే."

కూతురికి స్నానాల గదిలోంచి నవ్వుతూ కేకేసింది గుర్తొచ్చిందేమో, మొహం ఒక్కసారిగా నల్లబడింది. టిక్కులమ్మ లేచి చేతులు చాచింది, పిల్లని ఎత్తుకుందామని కాదు, కూతుర్ని పట్టుకుందామని. కూతురు పిల్లని రెండో భుజం మీదకి మార్చుకుని వెనక్కి జరిగింది.

"నువ్వు దీన్ని ఎత్తుకోకు," అంది. "గుడ్డలు మాత్రం చూడు."

టిక్కులమ్మ మళ్లీ కూర్చుంది. పక్క మంచం పిల్లాడి తల్లి దీపం వేసింది. ఆరున్నరకి మనవరాలు మళ్లీ తడిపింది. కూతురు గుడ్డ విప్పి, ఇటు చూడకుండా చెయ్యి చాచి ఇచ్చింది. టిక్కులమ్మ తొడుగు చేత్తో అందుకుని, పరిచి, కౌంటర్ పట్టుకుంది. నిమిషం లెక్కపెట్టింది. రెండు వందల ముప్పై.

రెండోసారి పెట్టలేదు. మొదటి లెక్కకే నోరు తెరిచింది.

"తగ్గింది," అంది. "బయటికి పోయి తగ్గిందో, లోపల కూర్చుండిపోయి తగ్గిందో నాకు తెలీదు తల్లీ."

కూతురు అటు తిరిగే పిల్లకి ఇంకో పొడి గుడ్డ కట్టింది.